మూడో వరస

కడపలో, ఏడురోడ్లకు రెండు సందుల అవతల
కొత్త ఆసుపత్రి లిఫ్టుకు బొత్తాలు బిగిస్తున్నా.
పెట్టెలో వచ్చిన పలక చైనాది:
ఒకటి, రెండు, మూడు, అయిదు.
నాలుగు లేదు.
వాళ్ల నోట నాలుగూ చావూ ఒక్క తీరుగా పలుకుతాయంట.
ఆసుపత్రికి ఇంతకన్నా తగిన పలక ఏముంది అని
నవ్వుకున్నా. మేనేజరు నవ్వలేదు.

"కింద జీ ఉండాల దస్తగిరీ, జీ పైన ఒకటి."
ఒకటి మీద జీ స్టిక్కరు అంటించినా,
రెండు మీద ఒకటి, మూడు మీద రెండు,
అయిదు మీద మూడు.
వేలి కింద అసలు అంకె ఏదో నాకొక్కడికే ఎరుక.

కువైట్‌లో ఎనిమిదేండ్లు ఇదే పని.
అక్కడ జీకీ ఒకటికీ నడుమ ఎమ్ అని ఇంకోటి,
నేలా కాదు, మిద్దే కాదు.
అందులోనే మా మంచాలు.
రష్యాలో చేసొచ్చిన రాయచోటి నజీరు చెప్పేవాడు:
ఆడ బూట్ల మంచు దులుపుకునేదే ఒకటో అంతస్తంట.
నమ్మలేదు అప్పుడు.

మన భాష మాత్రం తక్కువ తిన్నదా?
'రెండంతస్తుల మేడ' అన్నప్పుడు నేలను కలుపుకుంటుంది,
'రెండో అంతస్తుకు పో' అన్నప్పుడు
నేలను మరిచిపోతుంది.

ఆ సందులోనే ఇరుక్కుంది ఓబులమ్మ.
కోడలి కాన్పు ఒకటో అంతస్తులో అన్నారు.
ఒకటంటే తను నిల్చున్నదే గదా అని
మందుల కాడా, ఎక్స్‌రే కాడా, బిల్లుల కాడా అడిగి అడిగి
కడాకు నా నిచ్చెన కాళ్ల దగ్గర కూలబడింది.

"ఇది సున్నా, అవ్వా. ఒకటి పైన."
"సున్నాలో ఇంతమంది ఉండారేంది నాయనా?"

స్క్రూ తిప్పుతా ఉన్నా.

కొంగుతో మెడ తుడుచుకుంటా తనే చెప్పింది:
యర్రగుంట్ల బండల గనిలో ముప్పై ఏండ్లు.
పైమన్ను నిలువెత్తు తోడినా కూలి లేదు, లెక్క లేదు.
బండ తగిలినాకే ఒకటో వరస.
దాని కిందిది రెండు.
లోతుకు పోయేకొద్దీ అంకె పెద్దది, నలుపు చిక్కన.
"మా సున్నా పైన్నే ఉండె.
మీది కిందికి దిగిందా?"

తలుపు తెరిచి లోపలికి రమ్మన్నా.
ఒకటి అంటించిన రెండు నొక్కబోతే
ఉండు అని చెయ్యి పట్టుకుంది.
చెప్పు విడిచి, గడప ఇవతలి నేలను
బొటనవేలితో రెండుసార్లు రాసి చూసింది.

"సున్నా అంటివే, నాయనా,
ఇది మూడో వరస బండ."