తొంభై తొమ్మిది

మిర్చి యార్డు అవతల, రేకుల షెడ్డులో
తొడిమలు తీసే ఆడవాళ్ళ మధ్య
గోనెపట్టా మీద కూచున్నాం, పానకాలరావు గారూ నేనూ.
ఆయన ఇంగ్లీషులో రాసుకొచ్చిన ప్రశ్నల్ని
నేను తెలుగు చేసి అడిగేవాణ్ణి,
పూటకి నలభై రూపాయలకి.

ఇరవై మూడో ప్రశ్న:
అప్పు ఎవరి దగ్గర, ఎంత వడ్డీకి?

కోటమ్మ నోరు తెరిచింది.
దగ్గు.
కొంగు అడ్డం పెట్టుకుని, ముక్కూ కళ్ళూ ఏకమై
ఆగని దగ్గు. ఆ పూట వచ్చింది తేజా రకం మరి.
నాకేమో బస్సు టైమయింది.
గడిలో తొంభై తొమ్మిది వేశాను.
తొంభై తొమ్మిదంటే జవాబు లేదని.
అలాంటివి ఆ రోజు పదిహేడు.

తర్వాత ఆయన ఢాకా వెళ్ళారు, లిలాంగ్వే, జెనీవా.
పట్టిక కూడా వెళ్ళింది.
పేదవాళ్ళు అప్పు మాటెత్తితే మౌనం దాలుస్తారని
ముందు ఒక వ్యాసం,
ఆనక లావుపాటి పుస్తకం,
ఆ పుస్తకం మీద ఒక కుర్చీ.

మొన్న బ్రాడీపేటలో సన్మానం.
శాలువా భుజం మీంచి జారుతుంటే సర్దుకుంటూ
"మౌనాన్ని వినడం నాకు గుంటూరే నేర్పింది" అన్నారు.
చప్పట్లు. నేనూ కొట్టాను.

అయ్యా, అది దగ్గండీ.

మర్నాడే టీ కొట్టు దగ్గర
అడక్కుండానే చెప్పింది కోటమ్మ:
పట్నంబజారు సేటు, నూటికి అయిదు,
చెవి దిద్దులు తాకట్టు,
ఒకటి విడిపించిందట, రెండోది ఇంకా అక్కడే.

అప్పటికే ఫారాలు కట్ట కట్టేశాం.
పురికొస ముడి
నేను వేసిందే.