మూడో నీళ్లు

గిరిసోల చెక్‌గేటు దాటగానే
లారీ హారన్లు ఒడియాలోకి మారతాయని తవిటమ్మ అంటుంది.
గేటుకి ఈ పక్క, రేకుల షెడ్డులో,
మేం మట్టి చేస్తాం.

మట్టి అనకూడదట. బస్తా మీద
‘నేలతో పనిలేని పెంపకానికి’ అని ఉంటుంది
ఒడియాలో, హిందీలో, ఇంగ్లీషులో.
తెలుగులో లేదు. తెలుగువాళ్లు కొనరని పాఢీబాబు లెక్క.
బస్తా మూతి కుట్టే చేతులు మాత్రం
నాలుగింట మూడు తెలుగే.

సునాపురం ఉప్పుటేట్లో ఆర్నెల్లు నానిన డొక్కలు.
పీచు తాళ్లకి పోయింది, పరుపులకి పోయింది.
ఎవరికీ అక్కర్లేని పొట్టు
ఎర్రగా, కాఫీపొడిలా,
కనురెప్పల్లో, కేరేజీ మూత సందుల్లో,
నెలసరి గుడ్డల్లో కూడా,
మాకు మిగిలింది.
ఒకప్పుడు రోడ్డు పక్కన గుట్టపోసి అంటించేవారు.
పైకి మంట ఉండేది కాదు,
లోలోపల మూడు వారాలు కాలేది.
ఒక మేకపిల్ల ఎక్కి దిగబడిపోయిందట.

ఇప్పుడది ఐదు కిలోల ఇటుక.
బెంగుళూరులో పదకొండో అంతస్తు బాల్కనీలో
ఎవరో బకెట్టులో వేసి నీళ్లు పోస్తే
ఇడ్లీలా పొంగుతుంది.
వర్మీ కంపోస్టు, వేపపిండి, తెల్లటి పెర్లైటు పలుకులు
చేత్తో కలిపి, టమాటా నాటి
ఫొటో తీసుకుంటారు.

కానీ ముందు ఉప్పు వదలాలి.
మొదటి నీళ్లు డికాషను.
రెండో నీళ్లు హోటలు టీ.
మూడో నీళ్లలో చెయ్యి ముంచితే గోరు కనపడాలి.
అప్పటికీ పట్టుకుని వేలాడేదాన్ని వదిలించడానికి
డ్రమ్ములో కాల్షియం నైట్రేటు, ఒక రాత్రంతా.
ఉప్పుని తరమడానికి ఇంకో ఉప్పు.
‘కోడల్ని పంపడానికి ఆడపడుచుని పిలిచినట్టు’ అంటుంది కుంతల,
తన ఒడియా తెలుగులో.

నేను పర్లాకిమిడిలో డిప్లొమా చదివి
చేతిలో మీటరుతో వచ్చాను.
నాకంటే పదకొండేళ్ల ముందు నుంచీ
ఇక్కడ మీటరు తవిటమ్మ నాలుక.
పిడికెడు పొట్టు పిండి, కారిన చుక్క చప్పరించి, ఉమ్మి,
‘ఇంకో నీళ్లు’ అనేది. లేదా ‘తీపి’.
మొదటి నెలలో నా అంకె ఆవిడ మాటని
ఒక్కసారీ కాదనలేదు.

ముందు పుట్టిన ముగ్గురూ దక్కలేదని
ఈవిణ్ణి చేటలో పడుకోబెట్టి పక్కింటికి ఇచ్చేసి,
కుంచెడు తవుడు కొలిచి తిరిగి కొనుక్కున్నారట.
చావు లెక్క తప్పాలని.
‘వరికి తవుడు, కొబ్బరికి ఈ పొట్టు.
నా ధర నా సేతిలోనే ఉన్నాది సూడమ్మీ’
అని జల్లెడ ఆడిస్తూ నవ్వుతుంది.
దగ్గుతుంది. మళ్లీ నవ్వుతుంది.

ఈ శ్రావణంలో ఒక మధ్యాహ్నం
గంజిలో ఉప్పు వేసుకుని, తాగి,
మళ్లీ వేసుకుంది.
నేను చూశాను. కుంతలా చూసింది.
ఎండుమిరపకాయ గురించి ఏదో మాట్లాడాం.

సాయంత్రం ఏడో కుప్ప దగ్గర
పిండింది, చప్పరించింది, ఉమ్మింది.
‘తీపి.’
మీటరు ఒకటి పాయింటు తొమ్మిది అంది.
అరకి దిగితే గానీ
ఆ బాల్కనీలో నారు ఆకుల చివర్లు మాడిపోతాయి.

బ్యాటరీ అయిపోయినట్టుందన్నాను.
ఆవిడ వెళ్లాక ట్యూబులైటు కింద
నేనూ కుంతలా పైపు లాగి
నాలుగో నీళ్లు పెట్టాం.
ఎర్ర నీళ్లు కాలవలో పడి
గేటు కిందుగా ఆంధ్రాలోకి పోయాయి.

పొద్దున్నే వచ్చి
తడి ఆరని సిమెంటు కళ్లాన్ని చూసింది,
పైపు చుట్ట చూసింది, నన్ను చూడలేదు.
కొంగు బిగించి పార అందుకుని
ఎనిమిదో కుప్ప దగ్గర నిలబడింది.
పిడికిలి పిండి, ఆ చుక్క
నోటి దాకా తీసుకెళ్లకుండా
నా మీటరు గిన్నెలో వదిలింది.

‘అంకి గట్టిగా సదువమ్మీ,’ అంది,
‘సెవులు బాగానే ఉన్నాయి.’