గద్దె దిగుడు

మౌలాలి రైల్వే క్వార్టర్ల వెనక
ఏనుగు పండుకున్నట్టు ఒక గుండు.
ఏ పటంల దాని పేరు లేదు.
మేం పెట్టుకున్న పేరు గుండ్లపురం.
జనాభా పదమూడు, రెండు మేకలు.
సెలవులకొచ్చే చుట్టాలను లెక్కల పట్టం.

గుండు నెత్తిన చిన్న గుంట,
వాన ఎన్నేండ్లు కూసోని తొలిచిందో.
అదే గద్దె.
దిగేటందుకు చట్టం ఒక్కటే మాకు:
కూసున్నోళ్ల మోకాళ్లు గుంట అంచు దాటి
ఏ రోజు బయటికొస్తయో
ఆ రోజు దిగాలె.
ఓట్లు లేవు, కొట్లాట లేదు.
రాయి చెప్తది, మనం ఇనాలె.

బాలమణి మోకాళ్లు ఏప్రిల్ల బయటికొచ్చినయ్.
మొదలు ఎవ్వరం అనలె.
లంగ మోకాళ్ల మీదికి గుంజుకుంటా
ఇంకో రెండు వారాలు ఏలింది.
నేను లెక్కల మంత్రిని,
చూసీ చూడనట్టు నోటుబుక్కుల గీతలు గీసుకున్న.
ఆఖరికి తనే అన్నది:
"ఐతారం. షెడ్డు సైరన్ కాంగనే."

కొత్త రాజు తన్వీర్‌కు ఎనిమిదేండ్లు.
అన్న చెప్పులేసుకొని వచ్చిండు,
ఎక్కుతుంటే ఒకటి జారి తుమ్మపొదల పడ్డది.
ఒంటి చెప్పు రాజు.
ఎవ్వరం నవ్వలె.
మెర్సీ కుక్కర్ రబ్బరు తెచ్చింది,
తరతరాల కిరీటం,
అంటే మూడేండ్లది.
ఎంత కడిగినా పప్పు వాసన పోదు.

సైరన్ కోసం నిలబడ్డం.
ఐతారం షెడ్డుకు సెలవని
పదమూడు మందిల ఒక్కరికీ యాదికి లేదు.
రాయి కాలుతున్నది,
కాళ్లు మార్చి మార్చి నిలబడ్డం.
గూడ్సుబండి ఒకటి చర్లపల్లి దిక్కు పోతూ
కూత పెడితే
"చాలు, అదే సైరన్" అన్నది బాలమణి.
రాణిగ ఆమె ఆఖరి హుకుం అది.

ప్రమాణం.
"ఎవ్వరికి దెబ్బ తాకినా మొదలు ఉరికేది నేను,
ఎవ్వరు ఏం తెచ్చినా మొదలు తినేది నేను"
అన్నడు తన్వీర్, ఆఖరున అనబోయి.
ఈసారి నవ్వినం, మేకలు బెదిరినయ్.

ఖజానా అప్పజెప్పిన:
పగలని గోలీలు నలభై,
తాళం పోయిన తాళంచెవి,
ఎవరి మొహమో అరిగిపోయిన బస్‌పాసు,
యాదగిరి సేటు దుకాణంల పదకొండు రూపాల బాకీ.
"బాకీ గూడ నాదేనా?"
"మొదలు నీదయ్యేది అదే."

ఇగ చెవిల చెప్పుడు.
ఏలినన్ని రోజులు ఆడిన అబద్ధాన్ని
దిగేటోళ్లు ఎక్కేటోళ్లకు ఇడిసిపెట్టాలె.
మిగిలినోళ్లం చెవులు మూసుకోవాలె.
నేనూ మూసుకున్న,
గట్టిగ కాదు.

"గుండు కింద బొర్రల నాగుబాము లేదురా."

రెండేండ్లు ఆ పాము భయానికే
చిన్నోళ్లు అంచు దిక్కు పోలె,
పక్క గల్లీ పోరగాళ్లు మా మీదికి రాలె.
తన్వీర్ రబ్బరు సర్దుకున్నడు.
"నాకెరుకే అక్కా.
బాల్ పడ్డప్పుడల్లా చెయ్యి పెట్టి తీసింది
నేనే గద."
"మరి ఎవ్వరికీ ఎందుకు చెప్పలె?"
"నువ్వు రాణివి గద."

ఆమె జరసేపు మాట్లాడలె.
గుంటల ఎండుటాకులు అరచేత్తో ఊడ్చి
వాణ్ని కూసోబెట్టింది.
వాని మోకాళ్లు ఎక్కడో లోపట,
ఇంకొకరు పట్టేంత జాగ మిగిలింది.

దిగిన రాణి ముందటి తొవ్వల పోవద్దు.
మిరపకాయలు ఎండబోసే దిక్కు నుంచి
అందరి లెక్కనే దిగాలె,
ఎవ్వరూ చెయ్యి అందియ్యొద్దు.
దిగింది.
నడుమ ఆగి
తుమ్మపొదల చెప్పు ఏరి పైకి ఇసిరింది.
అంతల్నే కిందికెల్లి వాళ్లమ్మ:
"బాలీ! ట్యాంకర్ వచ్చింది, బిందెలు!"

ఉరికింది.
పైనుంచి లెక్కపెట్టిన, లెక్కల మంత్రిని గద.
లైన్ల ఆమె పదిహేడోది.