తూకం

మొదట స్ప్రింగు త్రాసు కొన్నాను, పూర్ణా మార్కెట్లో,
నూట ఎనభైకి. కానుకలు తర్వాత.

రంగూన్ నుంచి దొర్కా అత్త వస్తోంది,
మనవడు థీహాతో, కలకత్తా మీదుగా.
క్రిస్మస్ మా బర్మా కేంపులో. ఇరవై ఎనిమిదిన తిరుగు ప్రయాణం.
"మనిషికి ఇరవై కేజీలే" అన్నాడు జెబులూను,
టికెట్లు తనే కొన్నట్టు.

అంచేత బజారంతా
చేత్తో ఎత్తి చూస్తూ తిరిగాను.
మాడుగుల హల్వా: నెయ్యి కాగితం దాటి వచ్చేస్తుంది,
బట్టల మీద మరక పడితే అత్త ఏమీ అనదు, అదే నా భయం.
ఆవకాయ వద్దు. ఏ మూత మీదా నాకు నమ్మకం లేదు.
గాజుల కొట్టు ముందు కాసేపు నిలబడి వచ్చేశాను.
అరకు కాఫీ పొడి పావుకిలో,
ఇంటికొచ్చేసరికి సంచీ అంతా దాని వాసనే.
ఏటికొప్పాక బొంగరాలు నాలుగు,
థీహా మేజోళ్ళలో దూర్చేయొచ్చు, పగిలేవి కావు.
పొందూరు ఖద్దరు చేరుమాళ్ళు రెండు,
మడత పెడితే పోస్టుకార్డంత.
అత్త లుంగీయే కడుతుందట,
అయినా ఒక జాకెట్టు ముక్క.

మంచం మీద పరిచి
ఒక్కొక్కటే కొక్కేనికి తగిలించాను.
అన్నీ కలిపి ఏడొందల గ్రాములు.
గుమ్మానికి స్టారు కడుతున్న కెజియా వంగి చూసి
"ఉల్లిపాయల కొట్టు పెట్టావా అమ్మా?" అంది.

అత్త దిగింది.
బుగ్గల మీద లేత పసుపు పూత.
"తనకా" అంది.
తనఖా అని విన్నాను నేను,
ఏం కుదువ పెట్టారో పాపం అనుకున్నాను.
చెట్టు బెరడట. అరగదీసి రాసుకుంటారట.
"ఏటే గుంటా, ఇలగ చిక్కిపోనావు?"
మా పేటలో ముసలాళ్ళు కూడా పారేసుకున్న మాట తీరు
ఆవిడ నోట్లో నలగకుండా ఉంది.

ఇరవై నాలుగు సాయంత్రం
అల్లం నూరుతున్నాను.
పొత్రం రోట్లో కొంచెం కొట్టుకుంటుంది,
ఎప్పుడూ అంతే. ఈ రోలు దానిది కాదు.

నలభై ఒకటి క్రిస్మస్ నాడు రంగూన్ మీద బాంబులు పడ్డాక
మా నాయనమ్మ సన్యాసమ్మ నడిచి బయల్దేరింది.
దారిలో దుప్పటి పారేసింది. బియ్యం పారేసింది.
మూటలో పొత్రం మాత్రం పారెయ్యలేదు.
ఎందుకని ఎవరైనా అడిగితే
"ఊరుకోరా" అనేదట.
రోలు అక్కడే, వాళ్ళక్క పైడమ్మ దగ్గర ఉండిపోయింది.
పైడమ్మ కడగొట్టు కూతురే దొర్కా అత్త.

చప్పుడు విని వంటింట్లోకొచ్చింది.
నా చేతిలోంచి తీసుకుంది.
కడగను కూడా లేదు, ఒళ్ళో పెట్టుకుని
అల్లం వాసనతో సహా నిమిరింది.
తర్వాత, ఏమనుకుందో,
తువ్వాల్లో చుట్టి నా త్రాసుకే తగిలించింది.
నాలుగు కేజీల ఆరొందలు.

"పట్టుకెళ్తావా అత్తా?"
అనుకోకుండానే అనేశాను.
అంటూనే లోపల కాఫీ తీసేశాను, బొంగరాలు తీసేశాను,
అప్పటికీ చాలదు, థీహా బూట్లు తీసేశాను.
నిజం చెప్పాలంటే
తను వద్దంటే బాగుండునని కూడా అనుకున్నాను.

ఆవిడ నవ్వింది, పళ్ళన్నీ కనపడేలా.
"మా రోట్లో ఇప్పుడు బాతులు నీలు తాగుతన్నాయే.
మరి నువ్వు అల్లం దేంతో నూరతావు?"
దించి నా ముందు పెట్టి
కెజియాకి జడ వెయ్యడానికి వెళ్ళిపోయింది.

ఇరవై ఎనిమిదిన స్టేషన్లో
పెట్టె మీద కూర్చుని జిప్పు లాగాడు థీహా.
పంతొమ్మిదిన్నర. ఇంకా చోటుంది.
అప్పటికప్పుడు ప్లాట్‌ఫారం మీద
జీడిపప్పు పొట్లం కొని దూర్చాను.

ఇంటికొచ్చి రోటి దగ్గర కూర్చున్నాను.
పొత్రం నడుం మీద, ఆవిడ పట్టుకున్న చోట,
తనకా, నాలుగు వేళ్ళు, ఆరిపోయి.
ఇన్ని రోజులు దీంతో నూరుతూ ఎలా చూడలేదో.

కడగాలి.
రేపు కడుగుతాను.