సున్నా టికెట్టు

జిన్నింగు మిల్లు నాలుగు దినాలు మూసినారు.
బెల్టు తెగిందంట, సామాను రావాలంట.
కూలి లేని దినమంటే నాకు గుబులు.
ఈసారి మాత్రం
డబ్బా తెచ్చి మంచమ్మీద బోర్లించినా.

వెయ్యిన్ని రెండువందల నలభై.
అందులో ఒక ఇరవై చిరిగింది, మెతుకుతో అతికించినా.

"కర్నూలు పోదామా రా, రెండు పగళ్ళు, ఒక రాత్రి?"
మావాడు ఫోన్లోంచి తల ఎత్తినాడు.
ఆ ఎత్తడమే సగం ప్రయాణం నాకు.

వాని పేరు ఉరుకుందప్ప.
ఈరన్నసామికి మొక్కుకున్న పేరు.
బడిలో కురచ చేసి యూకే అంటారంట.
ఎమ్మిగనూరు దాటి ఎరగడు యూకే.

లాడ్జి ఏడువందలు అన్నాడు ఫోను చూసి.
వద్దన్నా నేను నోట్లు చూసి.
మిల్లులో నా పక్క మనిషి సుంకులమ్మ,
వాళ్ళ చెల్లెలు బుధవారపేటలో ఉంటుంది,
మిద్దె మీద చాప వేస్తుందంట.
"తెలీనోళ్ళ మిద్దె మీదనా?" అని
ఒక అరగంట మాట్లాడలేదు.
అరగంటకి ఆకలైంది. మాట్లాడినాడు.

నోటుబుక్కు ఎనక అట్ట మీద లెక్క.
వానివి: నడిచే మెట్లుండే మాలు, పెద్ద తెర సినిమా,
ఏదో బర్గరు.
నావి: కొండారెడ్డి బురుజు, తుంగభద్రలో హంద్రి కలిసే చోటు.
"ఏట్లో ఏముంటాది మా, నీళ్ళే కదా."
నీళ్ళే కదా అంట!
కొళాయి ఎప్పుడొస్తుందో అని బిందె పక్కన కునుకు తీసే
ఆదోనిలో పుట్టి!
ఇద్దరమూ నవ్వినాము. ఏరు ఉండిపోయింది లెక్కలో,
చూసినందుకు ఎవరూ దుడ్లు అడగరు గనక.

ఒక షరతు పెట్టినాడు.
"మాల్లో నువ్వు పది అడుగులు ఎనకాల రా మా."
సరే అన్నా.
వీడు నడక నేర్చేప్పుడూ నేను ఎనకాలనే ఉన్నా,
అప్పుడు రెండడుగులు.

రాత్రి వాడు పండుకున్నాక అట్ట చూసినా.
బర్గరు కొట్టేసినాడు. సినిమా కొట్టేసినాడు.
పక్కన చీమ తలకాయంత అక్షరాల్తో
"ఇంకోసారి".
పదైదేండ్లకే కొట్టేయడం వీనికి ఎవరు నేర్పినారు?
ఎవరో ఏంది, నేనే.
పెన్సిలు వెతికి, ఆ గీత పక్కనే
నా వంకర రాతతో మళ్ళీ రాసినా: సినిమా.
బర్గరు రాయలేదు. ఒత్తు ఎట్ల పెట్టాలో తెలీక
కొంత, దుడ్లు చాలక కొంత.

తెల్లారి అయిదు గంటల బస్సు.
నేను ఆధారు కార్డు చూపించినా,
కండక్టరు సున్నా కొట్టి చీటీ చింపిచ్చినాడు.
ఇరవై ఏండ్లుగా మూటలు మోసినా
నన్ను ఎవరూ ఊరకే యాడికీ తోలకపోలేదు.
ఆ చీటీని రెండు సార్లు చదివినా.

వానికి ఫుల్లు టికెట్టు. నూటముప్పై.
మూడేండ్ల కింద ఇదే దావలో
మోకాళ్ళు వంచి, మెడ లోపలికి లాక్కొని
అరటికెట్టు పిల్లోడిగా నిలబడేవాడు నా కోసం.
ఇప్పుడు కండక్టరు వాని మీసం చూసినాడు,
అడగను కూడా అడగలేదు.

కిటికీ పక్క సీటు నాకిచ్చి
రెండు చీటీలూ తన జేబులో పెట్టుకున్నాడు.
"నీ సున్నా నా పక్కన పెడితే
పదింతలు మా" అన్నాడు, బయటికి చూస్తానే.
లెక్కల్లో ముప్పై మార్కులు దాటనోడు.

నేనేమన్నా అందామనుకునే లోపల
చేతిసంచి ఒడిలోకి లాక్కొని,
మధ్యాన్నం కర్సు మిగిలించను నేను కట్టుకొచ్చిన
జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి
ఎమ్మిగనూరు రాకముందే
మూత తీసినాడు.