తుప్పు రంగు వీధి

నాగఓకాలో జనవరికి చప్పుడుండదు.
రాత్రికి రాత్రే నడుమెత్తు మంచు పడుతుంది.
అందుకే మా వీధుల మధ్యన గొట్టాలు పాతారు,
బారకో నీటికన్ను తెరిచారు.
నేల అడుగునుంచి గోరువెచ్చని ఊట చిమ్మి
పడ్డ మంచును పడ్డట్టే కరిగిస్తుంది.
ఆ నీళ్లలో ఇనుముంది.
ఏళ్ల తరబడి పారి పారి
ఊరు ఊరంతా తుప్పు రంగు తేలింది.

ఆ కళ్లు మూసుకుపోకుండా చూడటం నా కొలువు.
చేతిలో సన్నటి తీగ, మొలకు రెంచి,
ఇరవై రెండు చలికాలాలు
ఒంగీ లేచీ, ఒంగీ లేచీ.

తొమ్మిదేళ్ల కిందట
నా కావలివాళ్లే నా ఇంటి మీద పడ్డారు.
బుగ్గల మీద సీతాకోకచిలుక వాలినంత ఎరుపు,
మూత్రంలో నురగ. లూపస్ అన్నారు.
చిన్న చిన్న తెల్లటి మాత్రలు
పొద్దుటికి పన్నెండు,
ఆ తర్వాత ఎనిమిది, ఆ తర్వాత మూడు.
వాటిని తిట్టలేను.
మూత్రపిండాలు దక్కాయి.
ముఖం మాత్రం గుమ్మడిపండులా ఉబ్బి
ఒక ఏడాదంతా అద్దంలో
ఇంకెవరికో దండం పెట్టుకున్నాను.

మొన్న శరత్కాలంలో,
చోసెయి వంతెన దగ్గర
(ఆ పేరుకి దీర్ఘాయువని అర్థం)
పధ్నాలుగో కన్ను పొడిచి లేవబోతే
గజ్జలో కత్తి దిగింది.
ఎముకలు కొరికే చలి అనుకున్నాను.
చలి కాదు. కొరుకుతున్నది లోపలే ఉంది.

మిజొరొగి డాక్టరుగారు తెర మీద నా తుంటి చూపించారు.
బంతిలాంటి తొడ ఎముక తలలో
పెన్సిలు గీత ఒకటి, వంకరగా.
"గీతకి ఇవతలిది బతికుంది.
అవతలికి నెత్తురు వెళ్లి చాలా కాలమైంది."

ఆయన నెమ్మదిగా చెప్పారు, నేను మా భాషలోకి మార్చుకున్నాను:
మాత్రల వల్ల మూలుగలో కొవ్వు కణాలు ఉబ్బుతాయట.
ఎముక గోడ రబ్బరు కాదు, ఒక్క జానా జరగదు.
ఉబ్బిన కొవ్వు సన్నటి నాళాలను నొక్కేస్తుంది,
పోయే దారి ఇరుకై నెత్తురు నిలవుంటుంది.
నిలిచిన నీరే కదా పాచిపట్టేది.
దానికి తోడు నెత్తురు గడ్డకట్టే తొందర పెరుగుతుందట,
కట్టిన గడ్డను కరిగించే చేతులు మందగిస్తాయట.
ఆ తలకి వెళ్లే నాళాలు ఊరి చివరి గొట్టాలు,
ఒకటి మూసుకుంటే పక్కది ఆదుకోదు.

"ఇందులో రోగం వాటా ఎంత, మందు వాటా ఎంత?"
"పూర్తిగా తేలలేదు," అన్నారు ఆయన.
ఆ మాట అన్నందుకే ఆయన్ని నమ్మాను.

తొమ్మిదేళ్లు మూలుగలో ఏమవుతోందో
ఒక్క మూలుగైనా పైకి రాలేదు.
నొప్పి వచ్చేసరికి
ఎముక ఎప్పుడో పోయి ఉంది,
నొప్పి కూలుతున్న కప్పుది.

"తీగ పెట్టి పొడవలేరా?" అన్నాను నవ్వులాటకి.
ఆయన నవ్వలేదు.
"కొందరికి అదే చేస్తాం. చిన్న రంధ్రం తొలిచి లోపలి ఒత్తిడి దించుతాం.
మీ ఎముక ఆ దశ దాటింది.
మీకైతే తలను కోసి, తిప్పి,
బతికున్న వైపును బరువు కిందికి తెస్తాం."
బయటికొచ్చేటప్పుడు వెనక్కి పిలిచారు:
"కోపమొచ్చి మాత్రలు మానేయకండి.
ఒక్కసారిగా మానితే ప్రాణానికే ముప్పు."

తెల్లవారి మూడు మాత్రలు అరచేతిలో పోసుకున్నాను.
బియ్యపు నూకలంత.
మింగాను.

ఇప్పుడు నేను ఒంగను.
చేతికర్రతో వీధి వెంట నడుస్తాను,
ఎర్రటి రోడ్డు మీద గుండ్రంగా తెల్లగా
మంచు కరగని చోటు కనిపిస్తే
కర్రతో తట్టి చూపిస్తాను.
సెకియా కుర్రాడు కొత్తవాడు,
తీగను నిలువుగా దించి మొహం అడ్డం పెడతాడు.
"పక్కకి ఒరుగు నాయనా" అనేలోపే
నాలుగు రోజుల తుప్పు, చల్లటి బురద
ఫక్కున వాడి ముక్కులోకి చిమ్మింది.

నవ్వాను. తుంటి కలుక్కుమంది.
అయినా ఇంకాస్త నవ్వాను.
పక్క కన్ను ఇంకా మూసుకునే ఉంది.