రెండున్నర బస్సు

రాత్రి రెండున్నరకి స్వేచ్ఛా చౌరస్తాలో
ఉస్సురంటూ బస్సు తలుపులు తెరుచుకుంటాయి.
కార్డు ఆనిస్తే కుయ్‌మంటుంది.
పదకొండేళ్లుగా ఆ కుయ్‌తోనే నా పొద్దు పొడుస్తోంది.

త్బిలిసిలో విమానాలు దొంగల్లా
మూడింటికీ నాలుగింటికీ లేస్తాయి.
ఎందుకని నన్నడక్కండి.
నేను పెట్టెలకి ప్లాస్టిక్ చుట్టేదాన్ని.
పేరు సియూరి. జేబు మీద కుట్టే ఉంటుంది, ఎవరూ చదవరు.

ఈ బస్సులో మనుషులు రెండు రకాలు,
చక్రాలున్నవాళ్లు, లేనివాళ్లు.
ఉన్నవాళ్లు గడియారం చూసుకుంటూ ఉంటారు.
లేనివాళ్లం కిటికీకి తల ఆనించి
ఇసానీ మలుపు దాకా ఓ కునుకు తీస్తాం.
అక్కడ డ్రైవరు గీవి బ్రేకు తొక్కుతాడు చూడండి,
పెట్టెలు వాటంతటవే ముందుకి నడిచిపోతాయి,
వెనకాల యజమానుల పరుగు.

అంతకుముందే, నది దాటుతుంటే
కొండ కొమ్మున చర్చి కనబడుతుంది.
నిద్రలో ఉన్న చేతులు కూడా లేచి
మూడుసార్లు శిలువ గీసుకుంటాయి.
గీవి ఒక్కసారే. ఆ చేతికి వేరే పనుంది.

నిన్న అవ్‌లాబరిలో ఎక్కాడొక ముసలాయన.
పెట్టె లేదు. కోటు లోపల చెయ్యి పెట్టుకుని
నా పక్కన కూచున్నాడు.
"నొప్పా?" అన్నాను.
"రాణి," అన్నాడు.
కొంచెం అటు జరిగాను.

అప్పుడు తీశాడు
అగ్గిపెట్టంత చెక్క డబ్బా. ఒక పక్క జాలీ.
లోపల పొడుగాటి బూడిద రంగు ఒళ్లు,
చుట్టూ అయిదారుగురు దాసీలు.
రాచా కొండల్నించి రెండు వ్యాన్లు మారి తెచ్చాడట.
థెస్సలొనీకిలో తమ్ముడి తేనెపెట్టెలో రాణి చచ్చిపోయిందట.
"రాణి లేని పెట్టె చప్పుడు వినాలమ్మా,
ఏడుపు కాదు,
మూతపెట్టిన గిన్నెలో నీళ్లు మరిగినట్టుంటుంది."
తమ్ముడు ఫోను ఆనించి వినిపించాడట.

ఆయన పేరు అంబ్రోసి. విమానం ఎక్కడం ఇదే మొదలు.
"అక్కడ ఏమైనా అంటారా?"
ఏం చెప్పను?
ఎండు అత్తిపళ్లు, జున్ను ముద్దలు,
ఒకసారి కుట్టుమిషను తల,
అన్నీ చుట్టాను.
ఊపిరున్నది చుట్టలేదు.

ముప్పై ఏడు పెట్టెలయ్యాక
వెనక్కొచ్చాడు, ఒక చేతిలో బెల్టు, ఒక చేతిలో డబ్బా.
పశువుల డాక్టరు ముద్ర కావాలన్నారట.
"ఏ పశువుకి?" అని అడిగాడట ఈయన.
అక్కడి కుర్రాడు నవ్వలేదట పాపం,
వెలుతురుకి పట్టి చాలాసేపు చూశాడట.
చెత్తబుట్ట చూపించడానికి నోరు రాక
తలుపు చూపించాడట.

"మీరు వెళ్లండి," అన్నాను.
ఎందుకన్నానో. టికెట్టంటే ఆయనకి
ఒక వేసవి తేనె మొత్తం.
నా అరచేతిలో డబ్బా పెట్టి
ఒక్కొక్క వేలూ తనే మూశాడు.
చీకట్లో ఉంచాలి. వెచ్చగా ఉంచాలి.
రోజుకో చుక్క నీళ్లు, జాలీ మీద.
మంగళవారం వస్తా.

వట్టి చేతులతో దిగినవాణ్ణి చూసి
తమ్ముడేమంటాడో నేనడగలేదు,
ఆయన చెప్పలేదు.

ఏడింటి తిరుగుబస్సుకీ గీవే.
ఇప్పుడెక్కే చక్రాలవాళ్లు వేరు,
ఊళ్లోకి వెళ్తుందా, ఎంతసేపు, కార్డు ఎక్కడ కొనాలి?
చేత్తో మెషీను చూపించే అలవాటు నాది.
ఇవాళ గడ్డంతో చూపించాను.
చెయ్యి జేబు మీదుంది,
నా పేరు కింద, బట్టకవతల,
సన్నగా, ఆగి ఆగి,
ఎవరో తలుపు తట్టాలా వద్దా అనుకుంటున్నట్టు.

గీవి అద్దంలోంచి చూశాడు.
"నొప్పా, సియూరీ?"

"ఇసానీ దగ్గర," అన్నాను,
"బ్రేకు కాస్త మెల్లిగా తొక్కు."